గివ్ అప్: కోటల అప్పగింత నుంచి గ్యాసు సబ్సిడీ దాకా

ఇంగ్లీషులో ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘అప్’ అంటే పైకి. రెండూ పక్కపక్కన చేరితే మాత్రం పైకి ఇవ్వడం అన్న అర్థం రాదు. సిగరెట్టు మానేయడం, కోట అప్పగించడం, పోలీసులకు లొంగిపోవడం, బతుకుతాడన్న ఆశ విడవడం, బస్సులో ముసలివాళ్లకు సీటు వదలడం, ప్రాణం పోవడం, పొడుపుకథ విప్పలేక ఓటమి ఒప్పుకోవడం, ఇన్ని పనులకూ ‘గివ్ అప్’ సరిపోతుంది. క్రియకు ఒక చిన్న అవ్యయం తోడై, ఆ రెంటికీ విడివిడిగా లేని అర్థం పుట్టుకొచ్చే ఇలాంటి జంటలను ఫ్రేజల్ వెర్బులు అంటారు. ఆ పేరు మరీ పాతదేమీ కాదు. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో ఇంగ్లీషు నుడికారం మీద వేసిన పుస్తకంలో దాన్ని వాడి, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ తనకు సూచించిన పేరని చెప్పాడు. పేరు 20వ శతాబ్దానిదే అయినా ఈ జంటలు దానికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ల ముందే రాతకెక్కాయి. అలా తొట్టతొలిగా రాతలో కనిపించే వాటిలో ‘గివ్ అప్’ ఒకటి.

తూర్పు ఇంగ్లండులోని పీటర్‌బరో మఠంలో సన్యాసులు ఏడాది వారీగా దేశ చరిత్ర రాసి పెట్టేవారు. అందులో 1137 సంవత్సరం కింద స్టీఫెన్ రాజు కాలపు అరాచకమంతా ఒకేచోట వర్ణించారు. రాజు సాల్స్‌బరీ బిషప్పు రోజర్‌నూ, లింకన్ బిషప్పు అలెగ్జాండర్‌నూ, చాన్సలర్‌నూ పట్టి చెరలో వేయించాడు. తమ కోటలు అప్పగించేదాకా వాళ్లను వదల్లేదు. ఆ అప్పగింతను రాయసకాడు చెప్పింది ‘గివ్ అప్’ అనే మాటకు పాత రూపంతోనే. నిజానికి ఆ పట్టివేత జరిగింది 1139లో. రాతలోకి వచ్చింది 1150ల మధ్యలో, స్టీఫెన్ పోయాక. కాబట్టి ఈ మాటకు మొదట తెలిసిన అర్థం నిరాశ కాదు, అలవాటు మానడమూ కాదు. తన చేతిలో ఉన్నదాన్ని బలవంతుడి చేతిలో పెట్టడం.

మరి ‘పైకి’ ఎందుకు? పాత ఇంగ్లీషులో ‘అప్’ నిజంగానే దిక్కును చెప్పే మాట. లేవడం, ఎక్కడం, ఎత్తడం లాంటి పనుల పక్కన చేరేది. రానురాను దిక్కు పలచబడి, పని పూర్తి కావడమనే అర్థం చిక్కబడింది. ‘ఈట్ అప్’ అంటే పైకి తినడం కాదు, మిగల్చకుండా తినేయడం. ‘డ్రై అప్’ అంటే పూర్తిగా ఎండిపోవడం. ఈ మార్పు ఇంగ్లీషు ఒక్కటే చేసుకున్నది కాకపోవచ్చు. వైకింగుల పాత నార్స్ భాషలో ‘గెఫా ఉప్’ అనే సరిగ్గా ఇలాంటి జంట, లొంగి ఇచ్చేయడమనే అర్థంతోనే, ఉండేది. పీటర్‌బరో ఒకప్పుడు డేనుల ఏలుబడిలో ఉన్న ప్రాంతం. అందుకే ఈ జంటల వాడుక బలపడటంలో నార్స్ చెయ్యి ఉందని చాలామంది భాషాశాస్త్రజ్ఞులు భావిస్తారు. జర్మన్‌లో ‘ఔఫ్‌గేబెన్’, డచ్చిలో ‘ఓప్‌గేవెన్’ కూడా ఇదే అల్లిక. చిన్న తేడా ఏమిటంటే వాటిలో అవ్యయం ఉపసర్గలాగా క్రియ ముందు అంటుకుంటుంది, అవసరమైతే విడిపోతుంది. ఇంగ్లీషులో అది క్రియ తర్వాతే స్థిరపడింది.

1066 తర్వాత నార్మన్లు వచ్చి ఫ్రెంచి మాటలు తెచ్చారు. ‘సరెండర్’ అలా వచ్చిందే. దాని లోపల ఉన్నవీ ‘మీద’ అనే మాటా, ‘ఇవ్వడం’ అనే మాటానే. న్యాయస్థానాలకూ పత్రాలకూ సరెండర్, రిలింక్విష్, రినౌన్స్, అబాండన్ వెళ్లాయి. ఇంటికీ వీధికీ గివ్ అప్ మిగిలింది. ఈ పంపకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. హక్కులు ‘రిలింక్విష్’ చేస్తున్నట్టు పత్రంలో రాసుకున్న మనిషే ఇంటికెళ్లి భార్యతో ‘గివ్ అప్’ చేశానంటాడు.

అర్థం ఏ దారిన విస్తరించిందో చూస్తే ఒక్కో మెట్టూ స్పష్టంగానే కనిపిస్తుంది. మొదట కోట, ఊరు, బందీ లాంటి అవతలివాడు పుచ్చుకోగలిగినవి. తర్వాత ప్రాణం. 16వ శతాబ్దంలో విలియం టిండేల్ అనువాదం నుంచి 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు దాకా క్రీస్తు మరణాన్ని ‘గేవ్ అప్ ద గోస్ట్’ అనే చెప్పారు. అక్కడ ‘గోస్ట్’ అంటే దెయ్యం కాదు, ఆత్మ, ఊపిరి. తెలుగు బైబిలు ‘ప్రాణము విడిచెను’ అంటుంది. ఇప్పుడు ఆ ఇంగ్లీషు పలుకుబడి పాత ఫ్రిజ్జులూ స్కూటర్లూ మొరాయించినప్పుడు కూడా వినిపిస్తుంది. ప్రాణం తర్వాత ఆశ, ప్రయత్నం, అలవాటు వచ్చాయి. ఇక్కడే అసలు మలుపు ఉంది. కోట అప్పగిస్తే పుచ్చుకునేవాడు ఒకడుంటాడు. సిగరెట్టు మానేస్తే పుచ్చుకునేవాడెవడూ లేడు. ‘గివ్’ అన్న క్రియలో ఇచ్చేవాడు మాత్రం మిగిలి, తీసుకునేవాడు మాయమయ్యాడు.

ఈ మలుపు తెలుగుకు కొత్త కాదు. ‘నీతికి తిలోదకాలిచ్చాడు’ అనే మాటలోనూ ఇవ్వడమే ఉంది. పితృకార్యంలో నువ్వులూ నీళ్లూ విడవడం పోయినవారికి ఇచ్చే అర్పణ. అది వాడుకలోకి వచ్చేసరికి పూర్తిగా వదిలేయడమైంది. ‘ఆశలకు నీళ్లొదులుకున్నారు’ అన్నదీ ఆ కోవదే. ఇచ్చేయడం, వదిలేయడం, పోగొట్టుకోవడం అనే మూడూ ఒకదాని గడపలో ఒకటి ఉన్నాయని రెండు భాషలూ విడివిడిగానే గుర్తించాయి.

‘గివ్ అప్’ తెలుగువాళ్ల చెవిన పడి, తెలుగులోకి మార్చక తప్పని అవసరం ఏర్పడిన తొలి ఊళ్లలో మద్రాసు ముఖ్యమైనది. ఈస్టిండియా కంపెనీ 1639లో అక్కడ అడుగుపెట్టింది. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లా బూర్దొనే ముట్టడించినప్పుడు గవర్నరు నికొలస్ మోర్స్ సెయింట్ జార్జి కోటను అప్పగించాడు. ‘గివ్ అప్’ తొలి అర్థం మద్రాసు జనం కళ్లెదుటే జరిగింది. 1748 సంధి ప్రకారం మరుసటి ఏడాది కోట మళ్లీ ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1758 చివర ఫ్రెంచి సేనాని లాలీ వచ్చి రెండు నెలలు చుట్టుముట్టినా ఈసారి కోటను వాళ్లు వదల్లేదు.

కంపెనీ దొరలకూ ఊరి వ్యాపారులకూ మధ్య నిలబడినవాళ్లు దుబాషీలు. రెండు భాషలు తెలిసినవాడు కాబట్టి ద్విభాషి, వాడుకలో దుబాషీ. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కోటకు వాయవ్యంగా, వేపేరికీ పురసవాకానికీ ఆనుకుని ఉన్న చూలైలో ఇప్పటికీ ఒక దుబాషీ పేరు వీధికి మిగిలి ఉంది. అవధానం పాపయ్య వీధి అది. చూలై అంటే తమిళంలో బట్టీ. ఇటుకలు కాల్చిన బట్టీల వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. పాపయ్య తెలుగు బ్రాహ్మణుడు. 1789, 90లలో మద్రాసు పాలన చూసిన హాలండ్ సోదరులకు దుబాషీగా ఉండి ఊరంతా భయపడేంత పలుకుబడి సంపాదించాడు. డేవిడ్ హాలిబర్టన్ అనే కంపెనీ ఉద్యోగి మీద కుట్ర పన్నాడన్న అభియోగంపై 1792లో అతణ్ణీ అనుచరులనూ విచారించి దోషులుగా తేల్చారు. ఆ విచారణ పుస్తకంగా అచ్చయింది. వాల్టర్ స్కాట్ 1827లో రాసిన ‘ద సర్జన్స్ డాటర్’లో గవర్నరు దుబాషీగా పాపయ్య కనిపిస్తాడు. ఒక స్కాట్లండు యువతిని టిప్పు సుల్తానుకు అప్పగించే పన్నాగం చుట్టూ ఆ కథ నడుస్తుంది.

పాపయ్య కథలో మనిషి గుణదోషాల కంటే ఆ వృత్తి స్వభావం ఈ విషయానికి దగ్గర. దొర నోటి మాట తెలుగులోకో తమిళంలోకో మారే చోట దుబాషీ ఒక్కడే ఉండేవాడు. అతడు ఏ క్రియ ఎంచుకుంటే అదే ఖాయం. ‘గివ్ హిమ్ అప్’ అన్నది ఒక మనిషిని అప్పగించమన్న ఆజ్ఞ కావచ్చు. వాడి మీద ఆశ వదిలేయమన్న సలహా కూడా కావచ్చు. ‘గివ్’ పక్కన ‘హిమ్‌సెల్ఫ్’ వస్తే తనంతట తాను లొంగిపోయాడని. న్యాయస్థానంలో సాక్షి మాటను ఇలా తిప్పి చెప్పేటప్పుడు చిన్న పొరపాటు దొర్లినా ముద్దాయి బతుకే మారిపోతుంది. దొరికిపోయినవాడికీ లొంగిపోయినవాడికీ పడే శిక్షలో తేడా ఉంటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఈ బరువు మోసిన దుబాషీల పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య. 1830, 31లలో చేసిన ప్రయాణాన్ని కాశీయాత్ర చరిత్రగా రాసి తెలుగు వచనానికి మేలు చేసినవాడు. కోర్టులో రోజూ రెండు భాషల మధ్య తిరిగిన చెయ్యి కావడం వల్లే ఆ వచనం అంత సూటిగా సాగిందనుకోవడం తప్పు కాదు.

దుబాషీలు నోటితో చేసిన పనిని నిఘంటుకారులు కాగితం మీద పెట్టారు. ఇంగ్లండులో శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువు ముందుమాటలోనే ఈ క్రియా అవ్యయ జంటలను ప్రత్యేకంగా ప్రస్తావించాడు. పరాయివాళ్లకు ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని గుర్తించి, వాటిని శ్రద్ధగా పోగుచేశానని చెప్పుకున్నాడు. తెలుగులో ఆ శ్రద్ధ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ది. ఆయన నిఘంటువులు 1850ల తొలినాళ్లలో వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘం అచ్చుకూటం నుంచి, అంటే చూలైకి పక్కపేట నుంచే వెలువడ్డాయి. విడి మాటకు విడి అర్థం ఇచ్చి ఊరుకోవడం బ్రౌన్ పద్ధతి కాదు. జనం అనుకునే వాక్యాలను పక్కన పెట్టి, ఏ సందర్భంలో ఏ తెలుగు మాట పలుకుతుందో చూపించాడు. ఫ్రేజల్ వెర్బులను పట్టుకోవడానికి అంతకంటే మంచి దారి ఇప్పటికీ లేదు.

ఎందుకంటే ‘గివ్ అప్’కు తెలుగులో ఒక సమానార్థకం వెతకడమే పొరపాటు. ‘అప్’ చేసే పనిని తెలుగులో ధాతువు పక్కన వచ్చే రెండో క్రియ చేస్తుంది. వేయు, పోవు, కొను, పెట్టు అనే నాలుగూ అలాంటివే. ‘వదులు’ అనే ఒక్క ధాతువును తీసుకుంటే చాలు. ‘ఉద్యోగం వదిలేశాడు’ అంటే తెంచుకుని వచ్చేశాడు, వెనక్కి చూడలేదు. ‘ఉద్యోగం వదులుకున్నాడు’ అంటే తనకు దక్కాల్సింది చేజేతులా పోగొట్టుకున్నాడు, నష్టం అతడిదే. వ్యాకర్తలు ‘కొను’ను ఆత్మార్థకం అన్నది ఇందుకే. పని ఫలం చేసినవాడికే తగులుతుంది. ‘వదిలిపెట్టాడు’ అంటే పట్టుకున్నవాణ్ణి పోనిచ్చాడు. అది ‘గివ్ అప్’ కాదు, ‘లెట్ గో’. ఇక ‘లొంగిపోయాడు’లో పోవు వచ్చింది, అక్కడ పని అతడి అదుపులో లేదు. ఇంగ్లీషు ఒక్క ‘అప్’తో సరిపెట్టిన చోట తెలుగు ఎవరు పోగొట్టుకున్నారు, ఎంత ఇష్టంగా, ఎవరి బలవంతం మీద అన్నదాకా చెబుతుంది. అనువాదకుడు ధాతువు దగ్గర ఆగిపోకుండా ఈ రెండో క్రియను సరిగా ఎంచుకుంటే సగం పని అయినట్టే.

దేనికేది అన్నది వాడుక తేల్చేసింది. దురలవాటైతే మానేశాడు. పదవి, ఆస్తి, హక్కు అయితే వదులుకున్నాడు, గొప్పగా చెప్పాలంటే త్యజించాడు. పంతమైతే పట్టు వీడాడు. పోరాటమైతే అస్త్రసన్యాసం చేశాడు. పని మధ్యలో చతికిలబడితే కాడి పడేశాడు, చేతులెత్తేశాడు. రోగి విషయంలో వైద్యులు పెదవి విరిచారు. ఈ చివరి పలుకుబడి ముందు ఇంగ్లీషు వాక్యం చాలా బీదగా కనిపిస్తుంది. ‘ద డాక్టర్స్ గేవ్ హిమ్ అప్’ అంటే ఆశ లేదన్న సంగతి మాత్రమే తెలుస్తుంది. ‘పెదవి విరిచారు’లో ఆసుపత్రి వరండాలో నిలబడ్డ కొడుకు, బయటికొచ్చిన డాక్టరు ముఖంలో చూసింది కూడా ఉంది.

ఇంగ్లీషు వాక్యంలో ‘గివ్ అప్’ నడిచే తీరుకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. కర్మ నామవాచకమైతే అవ్యయానికి ముందూ రావచ్చు, వెనకా రావచ్చు. ‘షి గేవ్ అప్ ద జాబ్’, ‘షి గేవ్ ద జాబ్ అప్’ రెండూ ఒప్పే. సర్వనామమైతే మధ్యలోనే ఇరకాలి. ‘గివ్ ఇట్ అప్’ అనాలి, ‘గివ్ అప్ ఇట్’ తప్పు. కర్మ మరీ పొడుగైతే చివరికి పోతుంది. తర్వాత మరో క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ తప్పనిసరి. పొగ మానడం ‘గివ్ అప్ స్మోకింగ్’ అవుతుంది. ‘గివ్ అప్ టు స్మోక్’ అంటే పొగ తాగడం కోసం ఇంకేదో మానినట్టు వినిపిస్తుంది. తెలుగు పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘తాగడం మానేశాడు’లో ‘తాగడం’ క్రియానామం, ‘ఇంగ్’ కూడా సరిగ్గా అదే. ఆ పోలిక ఒకసారి చూపిస్తే తప్పు మళ్లీ రాదు. కర్మ లేకుండా ‘ఐ గివ్ అప్’ అని ఒక్కటే అంటే, ఇక నా వల్ల కాదని. పలికేటప్పుడు ఊనిక ‘అప్’ మీద పడుతుంది. ‘గివ్’ మీద పడితే ఇంగ్లీషువాడి చెవికి అది అతకదు.

‘ఆన్’ చేరితే దిశ మారుతుంది. ‘గివ్ అప్ ఆన్’ ఒక మనిషి మీదో పథకం మీదో నమ్మకం పోవడం. ‘దే గేవ్ హిమ్ అప్’ అంటే అతణ్ణి అప్పగించారు, లేదా అతడి మీద ఆశ వదిలేశారు. ‘దే గేవ్ అప్ ఆన్ హిమ్’ అంటే ఇక వీడు బాగుపడడని విసిగి తప్పుకున్నారు.

తోబుట్టువు ‘గివ్ ఇన్’తో దీన్ని కలిపేయడం మామూలే. ‘గివ్ ఇన్’ ఒత్తిడికి తలొగ్గడం. అవతల ఒత్తిడి చేసేవాడు ఉండి తీరాలి. ‘గివ్ అప్’కు ఆ అవసరం లేదు, మనిషి తనకు తానే విసిగిపోవచ్చు. 1941 అక్టోబరులో తాను చదివిన హారో బడిలో మాట్లాడుతూ చర్చిల్ విద్యార్థులకు చెప్పింది ఎన్నడూ ‘గివ్ ఇన్’ కావద్దని. జనం నోట అది ‘గివ్ అప్’ అయింది. ఎదుట శత్రువున్న యుద్ధకాలపు మాట, ఎవరి ప్రయత్నానికైనా వర్తించే సాధారణ హితబోధగా మారిపోయింది.

20వ శతాబ్దపు భారత రాజకీయాల్లో ఈ మాటకు మరో అర్థం బలంగా తోడైంది. ఎవరూ లాక్కోకుండా, తనకు లాభమున్నదాన్ని తానై విడవడం అది. 1920లో సహాయ నిరాకరణ పిలుపు బిరుదులను, ప్రభుత్వ బళ్లను, కోర్టులను వదిలేయమంది. మద్రాసు హైకోర్టులో రెండు చేతులా సంపాదిస్తున్న బారిస్టరు టంగుటూరి ప్రకాశం ప్రాక్టీసు వదిలి, 1921లో అదే ఊరి నుంచి ‘స్వరాజ్య’ పత్రిక మొదలుపెట్టారు. ఇంగ్లీషులో ఆయన ప్రాక్టీసు ‘గేవ్ అప్’ చేశారు. తెలుగులో ‘మానేశారు’ అంటే చిన్నమాట అవుతుంది, ‘త్యజించారు’ అన్నదే న్యాయం. ఆ పత్రిక ఆయన సంపాదనను మింగేసిందన్నది తెలిసినవాళ్లెవరూ ఇక్కడ ఆ మాటను అతిశయోక్తి అనరు.

దాదాపు వందేళ్లకు ఈ అర్థమే వంటింట్లోకి వచ్చింది. 2015లో కేంద్ర ప్రభుత్వం, స్తోమత ఉన్నవాళ్లు వంటగ్యాసు సబ్సిడీని తమంతట తాము వదులుకోవాలని కోరింది. ఆ ప్రచారం పేరు ‘గివ్ ఇట్ అప్’. ఏడాది తిరిగేసరికి కోటి మందికి పైగా వదులుకున్నట్టు ప్రకటించారు. సర్వనామం మధ్యలో ఇరకాలన్న వ్యాకరణ సూత్రం ఇలా గ్యాసు ఏజెన్సీల గోడల మీదికీ ఎక్కింది.

అదే మూడు మాటలకు ‘ఫర్’ చేరిస్తే అర్థం తలకిందులవుతుంది. అమెరికా వేదికల మీద వ్యాఖ్యాత ‘గివ్ ఇట్ అప్ ఫర్’ అని ఒక పేరు చదివితే చప్పట్లు కొట్టమని. వదులుకోవడమన్న ఊసే అందులో లేదు. తెలుగు సంఘాల సభల్లో అమెరికాలో పుట్టిన పిల్లలు వేదికెక్కి ఇలా అన్నప్పుడు, ఇక్కడి నుంచి వెళ్లిన తాతయ్యలు ఏది వదలమంటున్నారో తెలియక పక్కవాళ్ల చేతులు చూసి చప్పట్లు కలుపుతారు.

‘బ్రేకప్’, ‘సెటప్’, ‘మేకప్’ లాంటి జంటలు నామవాచకాలై స్థిరపడ్డాయి. ‘గివ్ అప్’కు ఇంగ్లీషులో అలాంటి నామరూపం వాడుకలో నిలవలేదు. అవసరమైతే సరెండర్ అనో, అబాండన్‌మెంట్ అనో ఫ్రెంచి సంతతి మాటలను ఆశ్రయించాల్సిందే. ఇంగ్లీషు ఇవ్వని ఆ హోదాను తెలుగువాళ్లు ఇచ్చారు. ‘గివప్’ అని ఒక్క మాటగా కలిపేసి, దానికి ‘చేయు’ తగిలించి, ‘పరీక్షలు గివప్ చేసేశాడు’ అంటారు. ‘అప్’ ఉండనే ఉన్నా తెలుగు నోటికి అది చాలలేదు. పని పూర్తయిందని చెప్పడానికి తన ‘వేయు’ను తాను చేర్చుకుంది.